ఎడమ కంటి నరం

అంగారకుడికి వెళ్తున్న ఓడ నుంచి కళ్ల ఫొటోలు మంగళవారం పొద్దున పదింటికి వచ్చేవి. నలుగురు మనుషులు, ఎనిమిది కళ్లు. కంటి డాక్టరు ఒక్కో ఫొటోనే తెరిచి, కిందటి వారం ఫొటో పక్కన పెట్టి, కొలిచి, నాలుగు వాక్యాల నివేదిక రాసి పెద్ద డాక్టరుకు పంపేది. పదకొండున్నరకల్లా పని తెమిలిపోయేది. ఆమె కూర్చునే గదికి కిటికీ లేదు. రెండు కంప్యూటర్ తెరలు, ఒక కుర్చీ, గోడకు ఒక గడియారం. ఆ గడియారం కింద చిన్న అంకె ఒకటి రోజురోజుకీ పెరుగుతూ ఉండేది. ఇక్కణ్ణించి మాట ఓడకు చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పే అంకె అది.

పదిహేడో మంగళవారం పదకొండున్నరయినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

మూడో మనిషి ఎడమ కన్ను తెర మీద ఉంది. కంటి వెనక పొరలో నరం వచ్చి కలిసేచోట గుండ్రటి మచ్చ ఒకటి ఉంటుంది. బాగున్న కంట్లో దాని అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ముక్కువైపు అంచు తడి కాగితం మీద పడ్డ సిరాలా చెదిరిపోయి ఉంది. కెమెరా కదిలిందేమో అనుకుంది. కుడి కన్ను తెరిచి చూస్తే అది శుభ్రంగా ఉంది. మళ్లీ ఎడమది చూసింది. నరం వాచింది.

ఆ మూడో మనిషి ఆమెకు బావ. తోడబుట్టిన అక్క మొగుడు.

బావ రాళ్ల శాస్త్రవేత్త. చేతిలో ముక్క పెడితే అది నీళ్లలో పుట్టిందో నిప్పులో పుట్టిందో చెప్పేవాడు. ఇంట్లో అల్మరాల నిండా రాళ్లే. "ఈయన నన్ను చూసి చేసుకోలేదే, మా వీధి మలుపులో ఉన్న బండరాయిని చూసి చేసుకున్నాడు" అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అంగారకుడి మీదికి మనుషుల్ని పంపుతున్నారని, అక్కడి రాళ్లు చదవగలిగినవాడు ఒకడు కావాలని తెలిసిన రోజు నుంచీ ఆయనకు అన్నం సయించలేదు. వయసు నలభై ఆరు. అయినా వ్యాయామం చేసి, ఒళ్లు తగ్గించి, గుండె, ఎముకలు, దంతాలు అన్ని పరీక్షలూ దాటుకుంటూ వచ్చాడు. కళ్ల పరీక్ష మాత్రం మరదలి చేతిలో పడింది.

సొంతవాళ్ల కాగితం మీద ఆమె సంతకం చెయ్యకూడదని నియమం. అందుకని ఫొటోలు ఆమె తీసింది, సంతకం పెద్ద డాక్టరు చేశాడు. కానీ పెద్ద డాక్టరు గుండె చదువు చదివినవాడు. కళ్ల విషయంలో ఆమె మాటే ఆయనకు వేదం. ఆనాటి ఫొటోలో బావ ఎడమ కంట్లో ఆ గుండ్రటి మచ్చ మధ్య ఉండాల్సిన గుంట దాదాపు లేదు. నరపు పోగులన్నీ ఇరుకు గదిలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. బరువు తెలియని చోట ఒంట్లో నీరంతా తలకెక్కుతుంది. అలాంటప్పుడు ఇలాంటి కన్ను తొందరగా వాస్తుందని కొందరు అన్నారు, అదేం లేదని కొందరు అన్నారు. తేల్చి చెప్పగలిగేంతమంది మనుషులు అంత దూరం వెళ్లనేలేదు. గుంట లేదని ఒక్క వాక్యం రాస్తే బావ పేరు రెండో జాబితాలోకి జారిపోతుంది.

"కళ్ల సంగతేంటమ్మా? సందేహమేమైనా ఉందా?" అని పెద్ద డాక్టరు అడిగినప్పుడు తలుపు అద్దంలోంచి వసారాలో బావ కనిపిస్తున్నాడు. ఒళ్లో సంచీ పెట్టుకుని, మోకాళ్లు దగ్గరికి చేర్చుకుని, పరీక్ష ఫలితాల కోసం వచ్చిన విద్యార్థిలా కూర్చున్నాడు.

"లేదండి" అంది.

వాపు కనిపించిన మర్నాడు ఆమె బావకు వీడియో పంపింది. కొంచెం వాపుందని, కంగారు పడాల్సింది లేదని, రోజుకు రెండు మాత్రలు వేసుకోవాలని, గంటసేపు వాక్యూమ్ లాగు తొడుక్కోవాలని చెప్పింది. అది నడుము దాకా బిగుసుకునే గొట్టం. లోపలి గాలి లాగేస్తే తలకెక్కిన నీరు కొంత కాళ్లలోకి దిగుతుంది.

జవాబు పది నిమిషాల తర్వాత వచ్చింది. బావ ఉబ్బిన మొహంతో నవ్వుతున్నాడు.

"మరదలా, ఇక్కడ అందరివీ కొంగ కాళ్లూ బుడగ మొహాలే. నా కంటికి మాత్రం ఎందుకే అంత మర్యాద? సరేలే, ఆ పీల్చుడు లాగు తొడుక్కుంటా. మీ అక్కకు మాత్రం చెప్పకు, ఆ లాగులో నన్ను చూసిందంటే విడాకులిచ్చేస్తుంది."

మూడు వారాలు మాత్రలు పనిచేశాయి. చెదిరిన అంచు కొంచెం కొంచెంగా కుదురుకుంది. ఆమె నివేదికలో "తగ్గుముఖం" అని రాసి, ఆ మాటను రెండుసార్లు చదువుకుంది.

నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం ఓడ డాక్టరు నుంచి మాట వచ్చింది. ఓడ డాక్టరు ముప్పై రెండేళ్ల అమ్మాయి. మాట తడబడకుండా చెప్పాలని ప్రయత్నిస్తోంది. "మేడమ్, రాళ్లాయనకి తెల్లారినప్పట్నుంచీ నడుం దగ్గర నొప్పి. వాంతులు. స్కాన్‌లో కిడ్నీ గొట్టంలో రాయి కనిపించింది." ఆమె వెనక బావ మూలుగు వినిపిస్తోంది. బరువు లేని చోట నొప్పొస్తే పొర్లాడడానికి నేల కూడా ఉండదు. గోడకున్న పట్టీలకు చేతులు చుట్టుకుని గాల్లో ముడుచుకుపోయి ఉన్నాడు.

మూడో రోజు రాయి దానంతటదే పడిపోయింది. ఆ సాయంత్రం బావ పంపిన వీడియోలో గొంతు పీలగా ఉంది. "ఇన్నేళ్లూ రాళ్ల వెంట నేను పడ్డాను మరదలా. ఇప్పుడు రాయే నా వెంట పడింది. దాన్ని డబ్బాలో దాచాను. ఈ యాత్రలో నా మొదటి నమూనా."

ఆమె నవ్వలేకపోయింది. రాయి ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకు తెలుసు. రోజుకు రెండు గంటలు వ్యాయామం చేసినా అక్కడ ఎముకలు కరుగుతూనే ఉంటాయి. కరిగిన సున్నమంతా మూత్రంలోకి దిగుతుంది. కంటి కోసం ఆమె ఇచ్చిన మాత్రలు ఆ సున్నాన్ని రాయిగా కట్టించాయి.

పెద్ద డాక్టరు ఆమెను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"ఆ మాత్రలు ఆపెయ్యాలమ్మా."

"ఆపితే కన్ను పోతుంది సార్."

"ఆపకపోతే ఇంకో రాయి కడుతుంది. ఈసారి అడ్డంపడి చీము పట్టిందనుకో, కోసి తియ్యడానికి అక్కడ ఏముంది? ఒక్క డాక్టరు, రెండు పెట్టెల మందులు. మనిషే పోతాడు."

"కొన్నాళ్లు ఒక్క మాత్ర చొప్పున ఇచ్చి చూద్దాం సార్."

"చూడ్డానికి అక్కడున్నది మన ప్రయోగశాల కుందేళ్లు కాదు." ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "కన్ను పోయిన మనిషిని ఎలాగో ఇంటికి తెచ్చుకోవచ్చు. నేను తప్పు చెప్తున్నానా? తప్పయితే చెప్పు, వింటాను."

ఆయన చెప్పింది తప్పు కాదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న మాట ఆమె చిన్నప్పట్నుంచీ వింటున్నదే. మధ్యలో నిలబడ్డ మనిషిని ఎటు తొయ్యాలో రాసి సంతకం పెట్టాల్సిన రోజొకటి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. రాసింది. పెట్టింది. ఓడను వెనక్కి తిప్పే వీలు లేదు. ఆ గ్రహానికి చేరి, అక్కడ పదిహేను నెలలు ఉండి, రెండు గ్రహాలూ మళ్లీ దగ్గరయ్యాకే బయల్దేరాలి.

మాత్రలు ఆపిన రెండో వారానికి అంచు మళ్లీ చెదిరింది. నాలుగో వారానికి కుడి కంట్లో కూడా మొదలైంది. వాక్యూమ్ లాగు సమయం రెండు గంటలకు పెంచారు, తొడలకు బిగుతు పట్టీలు కట్టారు, ఉప్పు తగ్గించారు. చిల్లికుండకు మూతి కట్టినట్టయింది. దిగేనాటికి ఏం మిగులుతుందో ఆమె లెక్కగట్టి పెద్ద డాక్టరుకు చూపించింది.

"ఇది ఇప్పుడే ఆయనకు చెప్పొద్దు. దిగాక చూద్దాం. అక్కడ నలుగురూ ఒక డబ్బాలో ఉన్నారు. ఒకడు కుంగితే నలుగురూ కుంగుతారు" అన్నాడు ఆయన.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి పోకుండా అక్క పనిచేసే ముద్రణాలయానికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. అక్క అక్కడ ప్రూఫులు దిద్దుతుంది. మెట్లకింద గది, పొడుగాటి బల్ల, పక్క హాల్లో యంత్రాల చప్పుడు. ఆ చప్పుడుకు బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతుంటాయి. అక్క ఎర్ర పెన్ను మూత పెట్టి తలెత్తి చూసింది.

"ఏంటే చిన్నీ, ఈ వేళప్పుడు?"

"ఏం లేదు. ఇటు పని మీద వచ్చాను."

"ఇటువైపు నీకేం పని? కూర్చో." అక్క చెల్లెలి మొహంలోకి కాసేపు చూసింది. "ఆయన సంగతేగా?"

"బాగానే ఉన్నాడు. రాయి పడిపోయింది, చెప్పాగా."

"రాయి సంగతి కాదు నేనడిగేది. మొన్న నాకు పంపిన వీడియోలో ఆయన నా వైపు చూడలేదు. నా పక్కకు చూశాడు. కెమెరా ఎక్కడుందో తెలియనివాడిలా." అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పేజీలో ఉన్న తప్పు అందరికీ కనిపిస్తుంది. రాయకుండా వదిలేసిన మాట పట్టుకోవడమే నా పని. చెప్పు."

చెల్లెలు చెప్పింది. వాపు, మాత్రలు, రాయి, మాత్రలు ఆపడం. ఎడమ కన్ను పోతుంది, కుడి కన్ను సగం పోతుంది. చెప్తూ చెప్తూ అక్కడ ఆగలేకపోయింది. పరీక్షనాడు ఎడమ కంట్లో తను ఏం చూసిందో, పెద్ద డాక్టరు అడిగితే ఏమందో, అది కూడా చెప్పేసింది.

పక్క హాల్లో యంత్రం ఆగింది. ఎవరో కాగితం మారుస్తున్నారు.

"ఆయనకు చెప్పావా అప్పుడు?"

"లేదు."

"ఎందుకు?"

"చెప్తే పోనివ్వరు. ఆయన ఎంత ఆశపడ్డాడో నీకూ తెలుసు కదక్కా. అంతా కలిపి పదింట ఒక వంతు అనుమానం..."

"ఆయన్నడిగితే ఆ పదో వంతు తెలిసి కూడా వెళ్లేవాడేమో. వెళ్లేవాడే." అక్క పెన్ను తీసి, మళ్లీ కింద పెట్టింది. "మరి నన్నెవరడిగారే?"

చెల్లెలు ఏడ్చింది. అక్క ఏడవలేదు. కాసేపయ్యాక, "నాకు నాలుగింటికి ఈ ఫారాలు అచ్చుకు వెళ్లిపోవాలి" అని ప్రూఫు ముందుకు లాక్కుంది. చెల్లెలు లేచి వెళ్లేదాకా తలెత్తలేదు.

అక్కకు తెలిసిపోయిందని వినగానే పెద్ద డాక్టరు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇక దాచి లాభం లేదు. భార్య ద్వారా తెలిసేకంటే మనమే చెప్పాలి. నువ్వే చెప్పు" అన్నాడు.

అప్పటికి గడియారం కింది అంకె ఎనిమిదికి చేరింది. మాట వెళ్లడానికి ఎనిమిది నిమిషాలు, రావడానికి ఎనిమిది. ఆమె కెమెరా ముందు కూర్చుని, రోగికి ఎలా చెప్పాలో అలాగే చెప్పింది. చుట్టూ తిప్పలేదు. ఎడమ కంటి చూపు చాలావరకు తిరిగి రాదంది. కుడి కన్ను దిగేసరికి మసకబారుతుందంది. అక్కడ కొంచెం బరువుంటుంది కాబట్టి వాపు ఆగొచ్చంది. పంపేసి గడియారం చూస్తూ కూర్చుంది.

పద్దెనిమిదో నిమిషంలో బావ తెర మీదికి వచ్చాడు. వెనక పీల్చుడు లాగు గోడకు కట్టి ఉంది. ఈసారి నవ్వలేదు.

"నాకు అనుమానంగానే ఉంది మరదలా. చార్టులో అక్షరాలు గుర్తుపెట్టుకుని చదువుతున్నాను రెండు వారాలుగా. నీకు తెలిస్తే బాధపడతావని. ఒక్కటి అడుగుతాను. దిగాక నేను పనికొస్తానా రానా అన్నది కాదు, అది తెలుస్తూనే ఉంది. నా ఎడమ కన్ను ఇలా అవ్వొచ్చని నీకు ముందే ఏమైనా కనిపించిందా? అక్కడున్నప్పుడు?"

ఎనిమిది నిమిషాల దూరంలో తీరిగ్గా అబద్ధం అల్లుకోవచ్చు. అవతలివాడికి కళ్లలో తడబాటు కూడా కనిపించదు, ఆయనకు ఇప్పుడు తెర అంత స్పష్టంగా కనిపించదు. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. రికార్డు మీట నొక్కి, "కనిపించింది బావా. నరం ఇరుకుగా ఉందని చూశాను. రాయలేదు. నువ్వు వెళ్లాలని రాయలేదు" అంది.

జవాబు ఆ రోజు రాలేదు. మర్నాడు పొద్దున వచ్చింది. తెర మీద మొహం లేదు, గొంతు ఒక్కటే.

"సరే. ఇకనుంచి నా కళ్ల సంగతి ఓడ డాక్టరుతో మాట్లాడండి."

ఆయన ఆమెను "మీరు" అనడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన గొంతు ఆమె కోసం రాలేదు.

ఏడో నెలలో ఓడ దిగింది. మొదట కెప్టెన్, వెనక బావ. కెప్టెన్ భుజం మీద చెయ్యి వేసి అడుగులు వేశాడు. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసి స్నేహం అనుకుంది. హాల్లో ఆమె చుట్టూ పదిమంది చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం ఆయన బూటు ముందుకు జరిగి, నేలను వెతికి, తర్వాత ఆనడం చూసింది.

రాళ్ల పని చెయ్యాలనే ఆయన పట్టుబట్టాడు. బయటికి వెళ్తే చేతికి మూడు పొరల తొడుగు. దాంట్లోంచి రాయికీ ఇటుకకీ తేడా తెలియదు. లోపలికి తెస్తే గాజు పెట్టె, ఆ పెట్టెకూ తొడుగులే. తడిమి చూసే వీలు ఎక్కడా లేదు. అందుకని ఓడ డాక్టరు చూసి చెప్పేది, ఆయన వినేవాడు. ఆ రికార్డింగులు వైద్య విభాగానికీ వచ్చేవి.

"ఎర్రగా ఉందండి."

"ఎరుపంటే ఏ ఎరుపమ్మా? తుప్పా, ఇటుకా, ఎండిన నెత్తురా?"

"ఏమో... మామూలు ఎరుపు."

"పొరలున్నాయా? సన్నవా, మందమా? ఒకదాని మీదొకటి పేర్చినట్టా, వంగినట్టా?"

"గీతల్లా ఉన్నాయండి. గీతలేనా అవి? నీడ పడిందేమో."

తర్వాత బావ, "పోనీలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు, ఇది నీ చదువు కాదుగా. ఫొటో తీసి పంపెయ్, అక్కడ కళ్లున్నవాళ్లు చూస్తారు" అన్నాడు. వారం తిరక్కుండా పెట్టె దగ్గరికి రావడం మానేశాడు. వ్యాయామం బాగా తగ్గించాడు. తిండి సగం వదిలేస్తున్నాడని ఓడ డాక్టరు రాసింది. ఎముకల కొలత ఆ నెల మళ్లీ పడిపోయింది.

కంటి డాక్టరు జరిగిందంతా రాసి, తన ఉద్యోగం తీసెయ్యమని పెద్ద డాక్టరుకు ఇచ్చింది. ఆయన కూర్చుని రెండు పేజీలూ చదివాడు. "సంతకం నాది" అన్నాడు చివరికి. "కమిటీ ముందు పెడతాను, వాళ్లు వెనక్కొచ్చాక. నిన్నిప్పుడు పంపేస్తే ఆ కళ్లు చూసేదెవరు? వెళ్లు, పని చూసుకో." ఆమెకు శిక్ష కూడా దొరకలేదు.

దిగిన ఏడో వారం మంగళవారం ఫొటోలతో పాటు ఓడ డాక్టరు గొంతు వచ్చింది. సంతోషం ఆపుకోలేకపోతోంది. "మేడమ్, చూడండి! ఎడమ కంట్లో వాపు పూర్తిగా దిగిపోయింది. అంచు మళ్లీ గీత గీసినట్టుంది. రాళ్లాయనకి చెప్పెయ్యనా?"

ఆమె ఫొటో తెరిచింది. అంచు నిజంగానే గీత గీసినట్టుంది. లోపలి రంగు చూసింది. లేత గులాబీగా ఉండాల్సిన నరం సుద్దలా తెల్లగా ఉంది. వాచడానికి అందులో ప్రాణమున్న పోగు ఒక్కటీ మిగల్లేదు.

"చెప్పొద్దమ్మా" అని పంపింది. "అది తగ్గడం కాదు. నరం చచ్చిపోయింది. కుడి కన్ను ఇంకా బతికుంది, అదొక్కటే చెప్పు." అవతల ఆ పిల్ల ఈ మాట వినేసరికి పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా సంతోషంగానే ఉంటుంది.

కుడి కన్ను బతికుంది నిజమే. తిరుగు ప్రయాణం మళ్లీ ఏడు నెలలు, మళ్లీ బరువు లేకుండా. దానికోసం ఆమె ప్రణాళికలు రాస్తూ కూర్చుంది. మాత్ర ఇస్తే కిడ్నీ దగ్గర ఆగుతుంది. ఇవ్వకపోతే కన్ను దగ్గర ఆగుతుంది. అయిదు ప్రణాళికలు రాసి, అయిదూ కొట్టేసింది.

అక్క నుంచి ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది. "ఆదివారం పదకొండింటికి ఇంటికి రండి." ముద్రణాలయంలో ఆ మధ్యాహ్నం తర్వాత అక్క ఆమెతో మాట్లాడడం అదే మొదటిసారి.

వెళ్లింది. అక్క తలుపు తీసి పక్కకు తప్పుకుంది. చిక్కిపోయి ఉంది. చేతిలో నోటుబుక్కు.

"అక్కా..."

"ఆయన తిరిగొచ్చేసరికి ఇల్లు ఎలా ఉండాలో చెప్పండి డాక్టరుగారూ. రాసుకుంటాను."

"నన్నలా పిలవకక్కా. నాలుగు తిట్టు, పోనీ కొట్టు."

"హాలు నుంచి మొదలుపెడదామా?" అంది అక్క.

చెల్లెలు హాలు మధ్యకు నడిచింది. హాల్లో మధ్య బల్ల తీసేసి గోడవారకు పెట్టాలంది. తివాచీ అంచు కాలికి తగులుతుంది, తియ్యాలంది. తలుపులు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి, సగం తెరిచి ఉంచకూడదంది. వంటగదిలో స్టవ్ మీటల దగ్గర గరుకు చుక్కలు అంటించాలి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ కావాలి, ఎముకలు కూడా బలహీనంగా ఉంటాయి కాబట్టి ఒకటి కాదు రెండు. వస్తువు తీసినచోటే పెట్టాలి. అక్క ఒక్కో గదిలో ఆగి, ఒక్కోటీ రాసుకుని, అర్థం కానిచోట మళ్లీ అడిగింది. పడగ్గదిలోకి మాత్రం తీసుకెళ్లలేదు, "అది నేను చూసుకుంటాను" అంది.

గంట పట్టింది. ఇద్దరూ మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చారు.

"కుడి కన్నుకి ఏమైనా మందుందా?"

"వెతుకుతున్నాం."

"ఉందా?"

"లేదు."

అక్క ఆ మాట కూడా రాసుకుంది. పుస్తకం మూసి, "వచ్చే నెల మళ్లీ పిలుస్తాను. అప్పటికి ఏదైనా మారితే చెప్దురుగాని" అంది.

"అలాగే" అంది చెల్లెలు. చెప్పులు వేసుకునేదాకా ఆగి, అక్క తలుపు మూసింది.